పాట అయ్యేదాక గాజు కదలదు

ఈ దేశంలో పాట మీద ఆఖరి తీర్పు చెప్పే హక్కు ఎవరికుందని ఎవరైనా అడిగితే సంగీత కళాశాలల వైపు చూడకండి. టీవీలో కళ్లు తుడుచుకునే జడ్జీల వైపు అసలే చూడకండి. నేరుగా సిద్దిపేట పాత బస్టాండు దగ్గర దిగి, గాజుల రబియాబీ దుకాణం ఎక్కడని అడగండి. ఆమె మా దాదీ, అంటే మా నాన్న తల్లి. తన చెవిన పడిన ప్రతి పాటనూ, అది ఎంత చెత్తదైనా సరే, చివరి అక్షరం దాకా విన్న మనిషి ఈ భూమండలం మీద ఆమె ఒక్కతే. పాటలు కట్టేవాళ్లు కూడా తమ పాటలను అంత ఓపికగా విని ఉండరు.

దాదీకి ఉన్న జబ్బు అదొక్కటే. పాట మొదలైతే అది అయ్యేదాకా తను కదలదు, పక్కవాళ్లను కదలనివ్వదు. ఆమె ఫోన్‌కు ఎవరో పుణ్యాత్ములు ఒక పాట పెట్టి ఇచ్చారు. ఇక ఫోన్ మోగితే ఎత్తడం మానేసింది. ఒళ్లో పెట్టుకుని తల ఊపుతూ వింటుంది. అవతలివాళ్లు విసుగెత్తి పెట్టేస్తే కోపం వస్తుంది. తనే తిరిగి ఫోన్ చేసి తిడుతుంది. "గింత తొందరేందిరా నీకు? ఇంకో చరణం ఉండె గద!"

పొద్దున్నే చెత్త బండి పాట పాడుకుంటూ వస్తుంది. ఆ పాటకు చివర లేదు. అయిపోయిందనుకునే లోపే మళ్లీ మొదలవుతుంది. దాదీ బకెట్ పట్టుకుని, పాట ఎప్పుడు ముగుస్తుందా అని బండి వెంట నడిచేది. డ్రైవర్ పక్క వాడలో చాయ్ తాగడానికి ఇంజన్ ఆపితే గాని బకెట్ వొంపేది కాదు. మా ఇంటి చెత్త కోసం రోజూ వాడ దాటే మనిషిని చూసి, ఆ వాడవాళ్లు ఆమె బండి మనిషే అనుకుని తమ బకెట్లు కూడా చేతికివ్వడం మొదలుపెట్టారు.

దుకాణంలో ఈ జబ్బు ముదిరేది. ఎదురుగా సెల్‌ఫోన్లు అమ్మే దుకాణం ఉంది. వాళ్లు పెద్ద స్పీకర్ పెట్టి పాటలు వేస్తుంటారు. ఒకసారి నారాయణరావుపేట నుంచి పెళ్లికూతురిని తీసుకుని నలుగురు ఆడవాళ్లు వచ్చారు. దాదీ ఆ పిల్ల చేయి ముడిచి పట్టుకుని గాజు ఎక్కిస్తోంది. గాజు సరిగ్గా బొటనవేలి కణుపు మీదికి వచ్చేసరికి ఎదుటి దుకాణంలో పాట మొదలైంది. దాదీ చేయి ఆగిపోయింది.

"పెద్దమ్మా, నొప్పి!" అంది పెళ్లికూతురు.

"చుప్. చరణం వస్తుంది."

"పిల్ల చెయ్యి ఎర్రగైతుంది, నీ చరణం సల్లగుండ!" అంది తల్లి.

"నొప్పికి నూనె రాస్త. పాటకేం రాయాలె? జర ఆగుండ్రి."

పాట అయ్యేసరికి చేయి మెత్తబడిందో ఏమో, గాజు సర్రున జారింది. అది పాట గొప్పతనమని దాదీ అంది. తల్లి ఇంకేదో అంది. అది ఇక్కడ రాయలేను.

వినడం ఒక ఎత్తు. విన్నాక తీర్పు చెప్పడం ఇంకో ఎత్తు. ఆ తీర్పు పద్ధతి కూడా దుకాణంలో పుట్టిందే. దాదీ ఏ గాజునైనా చేతికి ఎక్కించే ముందు వేలికి తగిలించుకుని ఇంకో గాజుతో మెల్లగా కొడుతుంది. బాగున్న గాజు ఖంగున మోగుతుంది. పగులున్న గాజు దగ్గుతుంది. పగులు వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది కనుక గాజును చుట్టూ తిప్పి చూడాలి. సగం చుట్టు చూసి ఎక్కిస్తే చూడని సగం మణికట్టును కోస్తుంది. పాటకూ ఇదే లెక్క. పూర్తిగా విని, కళ్లు మూసుకుని, "మోగింది" అంటే మంచి పాట. "దగ్గింది" అంటే చెడ్డ పాట. అప్పీలు లేదు.

ఆ తీర్పులన్నీ సరైనవని మాత్రం నేను ప్రమాణం చేయలేను. ఊరు ఊరంతా చిందులేసిన పాటను దగ్గిందని కొట్టిపారేసింది. ఏదో తలుపులు అమ్మే కంపెనీ ప్రకటన పాటను మోగిందని పండగ వెళ్లేదాకా పాడుకుంది. మేం నవ్వితే, "తలుపులమ్మితె ఏంది? చివరల ఒక మలుపున్నది, మంచిగ వినుండ్రి," అంది. మంచిగా విన్నాం. మలుపేమీ లేదు. తలుపే ఉంది.

నేను ఇంటర్ మధ్యలో వదిలేసినప్పుడు మాత్రం ఈమె అడ్డు చెప్పలేదు. "పాటైతే ఆపనీయకపోదును. గది లెక్కల పుస్తకమాయె," అని నన్ను దుకాణంలో కూర్చోబెట్టింది.

మా దుకాణానికి ప్రమీలాదేవి టీచర్ పాత గిరాకీ. పిల్లలకు సంగీతం నేర్పుతారు. ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలు వీధిలో నడిచినా తాళం తప్పరని చెప్పుకుంటారు. ఒకరోజు ఆవిడ చీరకు గాజుల రంగు కలుపుతూ కూర్చుంటే ఎదుటి దుకాణంలో డీజే పాట మొదలైంది. దాదీ చేతులు ఎప్పటిలాగే ఆగిపోయాయి.

"ఆ గోలకు కూడా ఆగుతారా రబియమ్మా?" అన్నారు టీచర్.

"పాట గద టీచరమ్మా."

"అది పాట కాదమ్మా, సరదా. ఏళ్ల తరబడి గొంతు అరగదీసుకుంటే వచ్చేది పాట. ఇవాళ పుట్టి ఎల్లుండి పోయేదాన్ని కళ అని కూర్చోబెట్టి ఎలా తూస్తాం?"

"గాజు గూడ పండుగదాక ఉంటదో, పగుల్తదో. అయినా మీరు రంగు కలువలేదని పొద్దటి నుంచి నా గాజుల పెట్టెలన్ని తెరిపించిన్రు గద."

టీచర్ నవ్వారు. కాని ఓడిపోలేదు. "గాజుకు రంగుంది, పక్కన పెట్టి చూశాను. ఈ పాటలో ఏం చూడాలో చెప్పండి. అన్నిటికీ ఒకటే దరువు. ఆ దరువు తీసేస్తే లోపల ఏం మిగులుతుందో చూపించండి, తప్పకుండా తూస్తాను."

దాదీ గాజులు అటు సర్దింది, ఇటు సర్దింది. "గది వింటెనే తెలుస్తది," అంది చివరికి. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు, టీచర్‌కూ తెలుసు. ఆ రోజు దాదీ రంగు కలవని గాజులే కట్టి ఇచ్చింది. మనసు ఎక్కడో ఉంది.

ఇక మైసయ్య సంగతి. మైసయ్య మా వీధి ఆటో డ్రైవరు. అతని ఆటోలో పాత సినిమా పాటలే మోగుతాయి. దాదీ అందులో ఎక్కితే దిగే వేళకు ఎప్పుడూ ఏదో ఒక పాట సగంలో ఉంటుంది.

"పెద్దమ్మా, దిగు. ఎనుక బస్సోడు హారన్ కొడుతుండు."

"చరణం నడుస్తుందని చెప్పు వానికి."

బస్సువాడు తిట్టినా మైసయ్యకు లోపల సంతోషమే. తన పాటలకు ఇంత మర్యాద చేసేవాళ్లు ఇంకెవరున్నారు? కాని అతని లెక్కలో పాటంటే పాత పాటే. కొత్తదంతా సప్పుడు. ఆ సప్పుడు చేసేది ఎవరో కాదు, అతని కూతురు సింధూజ. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటూ ఫోన్‌లోనే దరువులు కట్టి, తనే రాసి, తనే పాడి డీజే పాటలు చేస్తుంది. తల్లి రామవ్వ కుకునూరుపల్లి వైపు పొలాల్లో కూలికి పోతుంది. ఇంట్లో పగలంతా సింధూజ, ఆమె దరువులు.

ఒకనాడు తండ్రీకూతుళ్ల గొడవ మా దుకాణం ముందు తేలింది. యువజన సంఘం ఉబేద్ వచ్చి, పాటల పోటీ పెడుతున్నామనీ, జడ్జిగా ప్రమీలాదేవి టీచర్ వస్తున్నారనీ, ఒక చరణం కాగానే గంట కొడతారనీ గోడ మీద కాగితం అంటించి వెళ్లాడు. మైసయ్య దాన్ని చదివి కూతురి వైపు తిరిగాడు.

"పోయి టీచరమ్మ ముంగట పాడు. ఆమె పాట అన్నదంటె పాట. నేను మళ్ల నోరెత్త. కాదన్నదంటె ఫోన్ల ఉన్న సప్పుళ్లన్ని తుడిచెయ్యాలె. మళ్ల గా ముచ్చట రావొద్దు. ఒప్పుకుంటవా?"

సింధూజ కూడా కాగితం చదివింది. "ఒప్పుకుంట బాపూ."

దాదీ లోపలి నుంచి తల బయటపెట్టింది. "మైసయ్యా, నీ పాటలను మీ బాపు ఏమనేటోడో యాదికున్నదా?"

"ఏమనేటోడు?"

"రేకు డబ్బల రాళ్లేసి ఊపినట్టున్నదనేటోడు. భజనల మనిషాయె. గీ సినిమ పాటలు ఇంట్ల మోగొద్దని నీ రేడియో తీస్కపోయి బాయిల ఏసిండు."

"గది ఏరే పెద్దమ్మా."

"ఔ, ఏరేనే. గది రేడియో, గిది ఫోను."

మైసయ్య ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. సింధూజ అక్కడే కూర్చుని తన పాట దాదీకి వినిపించింది. ఇద్దరు గిరాకీలు వచ్చి నిలబడి చూసి వెళ్లిపోయారు. దాదీ చివరి దాకా విన్నది, కళ్లు మూసింది, తెరిచింది.

"దగ్గింది."

నేను దాదీ తొడ మీద గిల్లాను. అబద్ధమైనా ఆడవచ్చు కదా! సింధూజ మొహం మాడిపోయింది. అయినా అడిగింది. "యాడ దగ్గింది దాదీ?"

"మొదట్ల. నడుమ గూడ."

"మరి చివరల?"

దాదీ లేచింది. చెప్పులు వేసుకుని, "దుకాణం చూడు తహూరా, ఇప్పుడే వస్త," అని నాతో చెప్పి ఎటో వెళ్లింది.

పోటీ రోజు ఫంక్షన్ హాల్ నిండిపోయింది. మిరుదొడ్డి నుంచి కూడా పిల్లలు, వాళ్ల అమ్మలు వచ్చారు. వేదిక మీద టీచర్ పక్కన కుర్చీలో మా దాదీ! ఆమె ముందు బల్ల మీద ఇత్తడి గంట! ఉబేద్ మైకులో నియమం చెప్పాడు. "అందరు పల్లవి, ఒక చరణం పాడాలె. గంట మోగంగనే ఆపాలె. గంట మా దాదీమా కొడుతది."

హాలులో మా వీధివాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ఉబేద్ మంచివాడే, తెలివి గురించి ఎవరూ ఏమీ అనరు. కాని సిద్దిపేట మొత్తంలో గంట కొట్టలేని మనిషి ఒక్కతే ఉంది. వెతికి వెతికి ఆమె చేతికే గంట ఇచ్చాడు.

మొదట ఒక చిన్న పిల్లవాడు పాడాడు. పల్లవి అయింది, చరణం అయింది. అందరూ దాదీ వైపు చూశారు. దాదీ పిల్లవాడి వైపు చూస్తోంది. గంట మోగితే ఆపాలని నేర్చుకుని వచ్చిన పిల్లవాడు అది మోగకపోయేసరికి, పాటలోంచి బయటికి వచ్చే దారి తెలియక మళ్లీ పల్లవికి వెళ్లాడు. మళ్లీ చరణం. మళ్లీ పల్లవి. వాళ్లమ్మ వేదిక ఎక్కి చంకనెత్తుకుని దించితే గాని ఆగలేదు.

"మంచిగ చుట్టు తిరిగిండు," అంది దాదీ మెచ్చుకుంటూ.

తర్వాతి పిల్లలకు విషయం అర్థమైంది. అందరూ తమకు వచ్చినదంతా పాడారు. రెండో చరణం ఎప్పుడూ వేదిక మీద పాడని పిల్లలు అది పాడేటప్పుడు కొత్త బట్టలు వేసుకున్నట్టు నిక్కి నిలబడ్డారు. ఉబేద్ మాత్రం చెమటలు తుడుచుకుంటూ వేదిక వెనక నుంచి వంగి వచ్చాడు.

"దాదీమా, గంట! బిర్యానీ సల్లారుతుంది!"

"మళ్ల ఏడి చెయ్. పాట మళ్ల ఏడైతదా?"

ఇక లాభం లేదని ఉబేద్ తనే గంట కొడదామని బల్ల మీద వెతికాడు. గంట లేదు. బల్ల కింద లేదు. దాదీ మాత్రం కుర్చీలో అంతకుముందు కన్నా కొంచెం ఎత్తుగా కనిపించింది. లేవమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అప్పుడు సింధూజ పేరు పిలిచారు. ఆ పిల్ల ఫోన్‌ను స్పీకర్లకు కలిపింది. దరువు మొదలయ్యేసరికి కిటికీ అద్దాలు అదిరాయి. అందులో ఆమె గొంతు మునిగిపోయింది. భయానికి శ్రుతి జారింది. పల్లవిలో ఒక మాట కూడా సరిగా వినపడలేదు. వెనక వరుసలో మైసయ్య తల దించుకున్నాడు. కూతురు ఓడిపోతే గెలిచేది తానే. అయినా ఆ మనిషి మొహంలో గెలుపు లేదు.

చరణం అయింది. టీచర్ దాదీ వైపు వంగారు. "గంట కొట్టండి రబియమ్మా. పాపం, పిల్ల ఇబ్బంది పడుతోంది."

"అయిపోలే టీచరమ్మా."

"నియమం అందరికీ ఒకటే కదా."

"గంట కనవడ్తలేదు," అంది దాదీ, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని.

రెండో చరణమూ అంతే. మైసయ్య ఇక చూడలేక లేచి తలుపు దాకా వెళ్లాడు. ఒక చెప్పు వేసుకున్నాడు. అప్పుడు దరువు ఆగిపోయింది. "కరెంట్ పోయింది," అన్నారెవరో. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పాటే అలా కట్టింది ఆ పిల్ల. దరువు లేని చోట ఒట్టి గొంతుతో ఆఖరి చరణం ఎత్తుకుంది.

"తొలి బస్సుల పోయినవ్, కడ బస్సుకొచ్చినవ్,
నడుమ కాసిన ఎండనంత నా పేరున రాసినవ్..."

మూడో వరుసలో కూర్చున్న రామవ్వ పక్కనున్న ఆమె భుజం మీద చరిచింది. "గది నన్నే అంటుంది!" అని గట్టిగా చెప్పింది. మిరుదొడ్డి అమ్మలంతా ఆమె వైపు తిరిగారు. ఒక చెప్పుతో మైసయ్య తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

పాట అయిపోయింది. టీచర్ పెన్నుకు మూత పెట్టారు. తర్వాత మైకు దగ్గరికి లాక్కున్నారు.

"పల్లవిలో శ్రుతి జారింది. దరువు మాటలను మింగేసింది. రెండో చరణంలో ఒక మాట ప్రాస కోసమే తెచ్చి పెట్టావు, అక్కడ దానికి పని లేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నీకు తెలియదు. ఆఖరి చరణాన్ని అంత మంచిగా కట్టినదానివి, మొదటిదాన్ని అలా ఎందుకు వదిలేశావు? బద్ధకమా?"

సింధూజ ఏడుపు మొహం పెట్టింది. మైసయ్య ఒంటి చెప్పుతోనే వేదిక దగ్గరికి వచ్చాడు. నన్నడిగితే, టీచర్ తిట్టినందుకు అతనికే కోపం వచ్చింది.

"అన్ని తప్పులేనా టీచరమ్మా? అసలుకు గిది పాటనా, కాదా? గదొక్కటి చెప్పుండ్రి."

"పాట కానిదానికి తప్పులు పడతానా మైసయ్యా? నీ ఆటో హారన్‌కు నేనెప్పుడైనా శ్రుతి దిద్దానా?" అన్నారు టీచర్. "నా దగ్గర నేర్చుకునే పిల్లలను ఎలా తిడతానో అలాగే తిట్టాను. బాగోలేదని చెప్పడానికైనా అది ముందు పాట కావాలి. పాటే. ఇంకా దిద్దుకోవాల్సిన పాట." తర్వాత దాదీ వైపు తిరిగారు. "దరువు తీసేస్తే ఏం మిగులుతుందని అడిగాను కదా. మిగిలింది. మొదటి చరణం దగ్గర గంట మోగి ఉంటే నేను కాదనే చెప్పేదాన్ని."

దాదీ ఏదో పెద్దమాట అంటుందని అందరూ ఎదురుచూశారు. "నాకు ఆకలైతుంది," అంది దాదీ.

మొదటి బహుమతి సింధూజకు రాలేదు. పల్లవికీ చరణానికీ మధ్య చిక్కుకుపోయిన పిల్లవాడికి వచ్చింది. అన్నిసార్లు తిరిగినా వాడు తాళం తప్పలేదట. మైసయ్య కూతురిని ఆటోలో ఎక్కించుకుంటూ, "ఏం తుడవకు. కాకపోతె జర సప్పుడు తగ్గియ్యి," అన్నాడు. అంతకన్నా ఎక్కువ చెబితే బాపు కాడు.

మర్నాడు ఉబేద్ గంట కోసం దుకాణానికి వచ్చాడు. దాదీ లోపల చాయ్ తాగుతోంది. ఉబేద్‌ను కాస్త ఏడిపిద్దామని నేను మొదలుపెట్టాను.

"గంట ఇయ్యనీకి నీకు మా దాదీనే దొరికిందా ఉబేద్ భయ్యా? ఇంకెవరు దొరకలేదా?"

"నేనెక్కడిచ్చిన!" ఉబేద్ నెత్తి కొట్టుకున్నాడు. "కాగితాలంటించిన రోజే మా ఇంటికొచ్చింది. బహుమతులకు గాజులు నేనిస్త, గంట నాకియ్యి అన్నది. ముసలామె ముచ్చటపడుతుందనుకున్న. గిట్ల నా బిర్యానీ సల్లార్పుతదని నాకేం తెల్సు?"

కాగితాలు అంటించిన రోజంటే సింధూజ పాట వినిపించిన రోజు. అప్పుడు వెలిగింది నాకు. ఒక్క చరణానికి గంట కొడితే ఆ పిల్ల పాటలో మిగిలేది పగులే. మోగే ముక్క చివరన ఉంది. అందుకే ఆమె చెప్పులు వేసుకుని వెళ్లింది. ఈ సంగతి సింధూజకు తెలియదు, టీచర్‌కు తెలియదు. ఊరంతా మాత్రం ముసలామె పిచ్చి ముదిరి గంట మీద కూర్చుందని ఇప్పటికీ నవ్వుకుంటోంది. దాదీ ఆ నవ్వును కూడా చివరి దాకా వింటోంది.

ఉబేద్ వెళ్లాక నేను లోపలికి వెళ్లాను.

"దాదీ, నిజం చెప్పు. గా పాట నీకు నచ్చిందా?"

"నచ్చలే."

"చివరి చరణం గూడనా?"

"గది మోగింది. తతిమ్మదంత చెవుల గునపం దింపినట్టుండె."

"నచ్చని పాట కోసం గంట మీద కూసున్నవా? నచ్చకపోతె పూరా ఎందుకు వినాలె?"

దాదీ చాయ్ కప్పు కింద పెట్టి, నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది.

"నచ్చిందే పూరా వినాల్నంటె, పుట్టిన కాడికెంచి నీ లొల్లి ఎవరు విందురే?"